కాలువ నోటి జల్లెడ

ఏసమ్మ ఎవరింటికి వెళ్ళినా ముందు నేల చూస్తుంది. కుర్చీ వేసినా వెంటనే కూర్చోదు. గచ్చు మీద ఎక్కడైనా నీళ్ళు నిలిచి ఉంటే కాలి మునివేళ్ళతో తూము వైపు తోసి, తూముకి ఏదైనా అడ్డం పడి ఉంటే అది తీసి, అప్పుడు కూర్చుంటుంది. చర్చిలో ప్రేమవిందు జరిగిన నాడు గిన్నెలు కడిగే చోట పెత్తనమంతా ఆమెదే. ఏసమ్మ వచ్చిందంటే నేల దానంతటదే ఆరిపోద్దని చుట్టాలు నవ్వుతారు. ఆమె మాత్రం నవ్వదు. అందులో నవ్వేందుకు ఏముందో ఆమెకు తెలియదు.

ఆ అలవాటు అత్తగారు సూరమ్మ దగ్గర అబ్బింది. భీమవరం నుంచి ఉండి అనే ఊరికి వెళ్ళే దారిలో శ్రీనివాసరాజు గారి రొయ్యల ప్లాంటు ఉంది. ఇప్పుడు కిటికీలు లేని పెద్ద తెల్ల పెట్టెలా కనిపిస్తుంది గానీ, ఏసమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అది రేకుల షెడ్డు. అందులో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళకి సూరమ్మ మేస్త్రి. తల ఎక్కడ నొక్కితే మెడకండ పోకుండా ఊడుతుందో, తొక్క చొక్కా విప్పినట్టు ఒక్క ముక్కగా ఎలా వస్తుందో, వీపు మీది నల్ల నరాన్ని పుల్లతో ఎలా లాగాలో కోడలి వేళ్ళు పట్టుకుని మరీ చూపించింది. ఆ తర్వాత నేల సంగతి చెప్పింది. ఐసు కరిగిన నీళ్ళు నిలిచిపోతే టబ్బుల అడుగు వెచ్చబడుతుంది. సరుకు మీద నల్లమచ్చ పడుతుంది. షెడ్డు చివర కాలువ నోటికి అడ్డంగా ఒక ఇనప జల్లెడ ఉండేది. అది పూడుకుపోయినప్పుడు చేతిలో పని ఆపకుండానే ఒక కాలితో దాన్ని ఎత్తిపట్టి, నీళ్ళన్నీ పోనిచ్చి, మళ్ళీ వదలాలి. ఒంటికాలి మీద నిలబడి రొయ్య ఒలవగలిగితేనే ఆ షెడ్డులో చేయి తిరిగిన మనిషి కింద లెక్క. ఏసమ్మకి ఆ లెక్కలో చేరడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

అప్పట్లో ఆ నీళ్ళతో పాటు కాలువలోకి పోయింది కాస్త ఉప్పు, నాలుగు రొయ్య మీసాలు, అంతే. తలకాయలూ తొక్కలూ పక్కనున్న గంపల్లో పడేవి. ఆ గంపల కోసం సాయంత్రం పూట చిట్టియ్య మోపెడ్ వేసుకుని గేటు దగ్గరికి వచ్చేవాడు.

చిట్టియ్య ఏసమ్మ మొగుడు. బాతులు మేపుతాడు. కోతలయ్యాక పొలాల వెంట మందను తోలుకుంటూ పోవడం, మిగతా రోజుల్లో ఊరి వెనక పాతకోడులో ఈతకి వదలడం అతని పని. పాతకోడంటే పొలాల మురుగూ చెరువుల నీళ్ళూ మోసుకుంటూ సముద్రం వైపు పోయే కాలువ. ప్లాంటు నీళ్ళు కూడా అందులోనే కలుస్తాయి. గంపల్లోని తొక్కల్ని చిట్టియ్య పరదా పట్టా మీద ఎండబోసి, రోకలితో దంచి, తవుడూ నూకలూ కలిపి బాతులకి పెట్టేవాడు. ఆ మేత తిన్న బాతు గుడ్డు పెంకు గట్టిగా ఉంటుందని, పచ్చసొన ఎర్రగా తిరుగుతుందని చెప్పుకునేవాడు. పెళ్ళాం చేతిలో ఊడిన తొక్క మొగుడి చేతిలో మేత అయ్యేది. ఇలా జరుగుతోందని వాళ్ళు ఎప్పుడూ అనుకోలేదు కూడా. అది రోజూ వంట వండుకున్నంత మామూలు విషయం.

తర్వాత మిషన్లు వచ్చాయి.

రోలర్ల మీద పడ్డ రొయ్యను అదే ఒలుస్తుంది, అదే నరం తీస్తుంది. ఒలిచినవి బెల్టు మీద వెళ్తుంటే పైనున్న కెమెరా సైజు చూసి దేన్ని ఎటు పంపాలో అటు పంపిస్తుంది. చివర్లో ఒక రోబో చెయ్యి డబ్బాలు ఎత్తి పేరుస్తుంది. అది నడుం వంచదు, మోచెయ్యి ఒక్కటే తిప్పుతుంది, చుట్టూ నలుగురు నిలబడి అన్నీ అందించాలి. బెల్టు దగ్గర చెత్త ఏరే రూబీ దానికి మొదటిరోజే కొత్తల్లుడని పేరు పెట్టింది. ఆ పేరే ఉండిపోయింది. పీలింగ్ ఆడవాళ్ళలో ఎక్కువమంది ఇంటికి పోయారు. కొందరు పొలం పనులకి, కొందరు భీమవరంలో ఇళ్ళల్లో పనికి. రూబీ, ఏసమ్మ, ఇంకా కొద్దిమంది మిగిలారు. ఏసమ్మకి ఒలిచే పని లేదు. మిషను కింద నేల ఆమెది.

మిషను ఒలవడం అంటే చేత్తో ఒలిచినట్టు కాదు. నీళ్ళ ఒత్తిడితో నలిపి ఒలుస్తుంది. ఇదివరకు షెడ్డంతా పొద్దస్తమానం వాడిన నీళ్ళు అది టిఫిన్ వేళకే తాగేసేది. రాజుగారు ఇంకో బోరు వేయించారు. తొక్క కూడా చొక్కాలా ఊడదు. నూకలా చితికి, నీళ్ళలో కలిసి, గులాబీరంగు గంజిలా కిందికి పారుతుంది. గంపల్లో పడేందుకు ఏమీ మిగలదు. సాయంత్రం గేటు దగ్గరికి వచ్చిన చిట్టియ్య ఖాళీ గంపలు మోపెడ్‌కి కట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

మిషను నడిపే అమ్మాయి ఆశాజ్యోతి. తణుకు పిల్ల, పాలిటెక్నిక్ చదివింది, మాట నెమ్మది, పని శుభ్రం. మిషను బిగించిన రోజునే కాలువ నోటి దగ్గర కొత్త జల్లెడ చూపించి చెప్పింది. కళ్ళు చాలా సన్నగా ఉన్న స్టీలు జల్లెడ అది. చితికిన తొక్కంతా దాని మీద ఆగుతుంది. నిండి నీళ్ళు పైకి లేస్తే సెన్సారు పసిగట్టి లైను ఆపేస్తుంది. అప్పుడు గోకి, పొట్టు తీసి డ్రమ్ములో వేసి, మళ్ళీ పెట్టాలి. ఎత్తి మాత్రం వదలకూడదు. ఏసమ్మ తలూపింది. విన్నది కూడా శ్రద్ధగానే విన్నది.

కానీ మొదటిసారి లైను ఆగినప్పుడు చీలమండల దాకా నీళ్ళు నిలిచాయి. పైన రెడ్ లైటు, కుయ్యిమని మోత. ఆఫీసులోంచి రాజుగారు ఏమైందంటూ ఫోను చేశారు. ఏసమ్మ కాలికి ఆలోచన అక్కర్లేదు. వేలు జల్లెడ కింద పెట్టి ఎత్తింది. నీళ్ళు గడగడమని పోయాయి. మోత ఆగింది, లైను కదిలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు కూడా అంతే. మూడోనాటికి ఎత్తడం వదలడం ఎందుకని జల్లెడ తీసి గోడకి ఆనించింది. ఏసమ్మ షిఫ్టులో లైను ఆగదని రాజుగారు నలుగురిలో మెచ్చుకున్నారు. నేల అద్దంలా ఉందన్నారు. ఎన్నో ఏళ్ళ పనిలో ఆమెకు దొరికిన మెప్పు అదే. గోడకి ఆనించిన జల్లెడ కొన్నాళ్ళకి గోడలో భాగమైపోయింది.

ఒకరోజు చిట్టియ్య అన్నం తింటూ ఉషారుగా చెప్పాడు. ప్లాంటు కాలువ కోడులో కలిసే చోట పొట్టు తెట్టెలా తేలుతోందట. బాతులు తోలకుండానే అటు పరిగెడుతున్నాయట, ముక్కులు ముంచి జుర్రుతున్నాయట. గుడ్లు మళ్ళీ గట్టిబడ్డాయి.

"మీ కంపెనీవోళ్ళు మేత ఇంటికే పంపేత్తన్నారే. దంచే పని కూడా తప్పింది" అన్నాడు.

"నేనే పంపుతున్నాను. తిను" అంది ఏసమ్మ, ముద్దపప్పు వడ్డిస్తూ. మాట సరదాకే అంది గానీ లోపల ఒక తృప్తి కలిగింది. గంపలు పోతే పోయాయి, తన చేతి నుంచి అతని మందకి దారి మూసుకుపోలేదని. ఆ తర్వాత చిట్టియ్య మందని పొద్దున్నే అక్కడికే తోలేవాడు. తవుడు కొనడం కూడా తగ్గించాడు.

వానలున్నంత కాలం, కాలువల్లో నీళ్ళు పారినంత కాలం ఏమీ తెలియలేదు. ఎండలు ముదిరి కాలువలకి నీళ్ళు కట్టేశాక పాతకోడు కదలడం మానేసింది. గుర్రపుడెక్క ఎండి అంచులకి అతుక్కుంది. నీళ్ళు నల్లబడి అడుగు నుంచి బుడగలు లేస్తున్నాయి. బురదలో కూడా బతికే మట్టగిడసలు తెల్లపొట్టలు పైకి పెట్టి తేలాయి. కంపు చర్చి దాకా వచ్చేది. చెరువుల నీళ్ళు వదిలి ఉంటారని ఊళ్ళో అనుకున్నారు. వేసవిలో కోడు కంపు కొట్టడం కొత్తేమీ కాదని కూడా అనుకున్నారు. బాతులు మాత్రం అక్కడికే పోయేవి.

ఒకరోజు పొద్దున దడి తలుపు తీస్తే కొన్ని బాతులు లేవలేదు. చచ్చిపోలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కాళ్ళు వెనక్కి చాపి, మెడ నేల మీద తాడులా వాల్చేసి, ఎత్తబోతే ఎత్తలేక పడి ఉన్నాయి. చిట్టియ్య వాటిని ఒక్కొక్కటే ఒళ్ళోకి తీసుకుని మెడ నిలబెట్టి వదిలాడు. మళ్ళీ వాలిపోయాయి. తెగులనుకున్నాడు. కానీ అందుకు వేయించాల్సిన టీకాలన్నీ ముందే వేయించాడు. మధ్యాహ్నానికి ఇంకొన్ని మెడలు వాలాయి, పొద్దున వాలిన వాటిలో కొన్ని చచ్చాయి.

పశువుల డాక్టరమ్మ వచ్చారు. చచ్చిన బాతునొకదాన్ని కోసి, కందనకాయ విప్పి, లోపలిది అరచేతిలోకి పిండి చూశారు. ఎక్కడ మేపుతున్నారని అడిగారు. చిట్టియ్య కోడు వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ వెళ్ళి ఒడ్డున నిలబడి, కర్రతో అడుగు కెలికి, ముక్కు మూసుకుని తిరిగొచ్చారు. ఇది అంటురోగం కాదని, గాలాడని నీళ్ళలో కుళ్ళిన మేత అడుగున పుట్టే విషమని, అది తింటే నరాలు పట్టు తప్పుతాయని చెప్పారు. మందను అక్కడి నుంచి వెంటనే తప్పించాలి. పడిపోయిన వాటికి మంచినీళ్ళు చుక్కచుక్కగా పోయాలి. కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు.

ఏసమ్మ ఆవిడ అరచేతిలోకే చూస్తోంది. నల్లగా నానిన ముద్దలో గులాబీరంగు నూక. ఏ రొయ్యదో, ఏ మిషను నలిపిందో ఆమెకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

డాక్టరమ్మ వెళ్ళాక మొగుడూ పెళ్ళాలు పాకలో ఎదురెదురుగా కూర్చుని బాతుల నోట్లో నీళ్ళు పోశారు. ఒకరు ముక్కు తెరిచి పట్టుకుంటే ఒకరు చెంచాతో పోయడం. ప్లాంటువాళ్ళు ఏదో మందు కలిపి వదిలుంటారని చిట్టియ్య గొణుగుతూనే ఉన్నాడు. ఏసమ్మ చాలాసేపు విన్నది.

"మందు కాదయ్యా. పొట్టు ఆపే జల్లెడ ఉంది అక్కడ. అది నేనే తీసి పక్కన పెట్టా" అంది.

చిట్టియ్య చెంచా ఆపాడు. ఆమె ముఖం కేసి చూడలేదు. ఒళ్ళో ఉన్న బాతు మెడని మోచేతి మడతలోకి సర్దుకున్నాడు.

"ఎప్పుడు?"

"మిషను పెట్టినప్పుడే. నీళ్ళు నిలుత్తున్నాయని."

అతను మళ్ళీ చెంచా ముంచాడు. "నువ్వు వదిలావు, నేను తోలాను. అవి తిన్నాయి" అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకు కొంత తేలికగా ఉండేది.

మంద సగానికి పైగా పోయింది. మిగిలినదాన్ని తోలుకుని చిట్టియ్య తణుకు వైపు, కోసిన చేలల్లో ఇంకా తడి ఉన్న చోట్లకి వెళ్ళిపోయాడు. ఏసమ్మ పనికి వెళ్ళింది. బట్టలు మార్చుకుని, గమ్‌బూట్లు వేసుకుని, గోడకి ఆనించి ఉన్న జల్లెడ తీసింది. బూజు తుడిచి కాలువ నోటికి అడ్డంగా దించింది.

లైను ఆగింది. గోకింది, కదిలింది. టీ తాగే వేళలోపు మళ్ళీ ఆగింది, మళ్ళీ ఆగింది. బెల్టు మీద ఒలిచిన రొయ్య కదలకుండా వెచ్చబడుతోంది. కొత్తల్లుడు చెయ్యి గాల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రాజుగారే దిగి వచ్చారు.

"ఏంటి ఏసమ్మా, ఇవాళ ఇన్నిసార్లు ఆగుతుంది?"

"జల్లెడ పెట్టానండి."

"ఏ జల్లెడ?"

ఆయన నిజంగానే మర్చిపోయారు. ఆమె చూపించింది. ఇన్నాళ్ళూ లేకుండా బాగానే నడిచింది కదా అన్నారాయన. మిషను నడిచిందని, పొట్టంతా కోడులోకి పోయి కుళ్ళిందని, తన మొగుడి బాతులు అది తిని మెడలు వాల్చేశాయని ఆమె చెప్పింది. గొంతు పెంచలేదు. రాత్రుళ్ళు నిద్రలేక పెంచే ఓపిక కూడా లేదు. రాజుగారు కాసేపు నేల కేసి చూశారు. చెడ్డ మనిషి కాదాయన. సూరమ్మ పోయినప్పుడు పాడె వెనక నడిచారు.

"బాతుల సంగతి నేను చూస్తాను. వేరే మంద ఇప్పిస్తాను. ముందు అది తియ్యి, సరుకు పోతుంది."

"ఇప్పిస్తే ఎక్కడ మేపమంటారండి?"

ఆయన బెల్టు మీది రొయ్యని వేలితో నొక్కి చూశారు.

"నేను తియ్యలేనండి. ఇంకెవరి చేతైనా తీయించండి. నన్ను రావద్దంటే మానేస్తాను" అంది ఏసమ్మ. బెదిరింపేమీ లేదందులో. కాళ్ళు లాగుతున్నాయి, కూర్చుంటే బాగుండుననిపించింది.

రాజుగారు చుట్టూ చూశారు. రూబీ బెల్టు మీద లేని చెత్తను ఏరుతోంది. ఆశాజ్యోతి మెట్లు దిగి వచ్చింది.

"సార్, జల్లెడ మిషనుతో పాటే వచ్చిందండి. అది లేకుండా నడపకూడదు. మీరు తీయించారనుకుని ఊరుకున్నానండి."

"నేనెందుకు తీయిస్తాను? అడగొచ్చు కదా."

"లైను ఆగట్లేదు, బావుందన్నారు కదండీ."

చివరికి రాజుగారే, జల్లెడ ఉండాలి లైను ఆగకూడదు, ఏం చేస్తారో చేయండన్నారు. డబ్బాలు ఎత్తే చేత్తో జల్లెడ ఎత్తించలేమా అని కూడా అడిగారు. దానికి ఉప్పునీళ్ళు పడవని ఆశాజ్యోతి చెప్పింది.

"అల్లుడు కాళ్ళు తడుపుకుంటాడేంటండి" అంది రూబీ, బెల్టు మీంచి తలెత్తకుండా. రాజుగారికి కూడా నవ్వొచ్చింది.

దారి ఆశాజ్యోతే కనిపెట్టింది. పంటకాలువ లాకుల దగ్గర తలుపులు జారే గాడి ఉంటుంది కదా, అలాంటివే రెండు గాడులు కాలువ నోట్లో ముందొకటి వెనకొకటి. జల్లెడలు రెండు. వెనకది దించాకే ముందుది ఎత్తాలి. అది గోకి దించాక వెనకది ఎత్తాలి. ఏ నిమిషాన చూసినా కాలువ నోట్లో ఒకటి ఉంటుంది, నీళ్ళూ నిలవవు. వెల్డింగు చేసే అబ్బులు వచ్చి ఒక్క పూటలో బిగించాడు. గాడి జారుడు సరిగ్గా ఉందా అని వేలు పెట్టి చూసుకున్నాడు, అంచులు ఆకురాయితో రుద్దాడు. జల్లెడ పట్టు సడలకుండా దిగింది. పనంటే అలా ఉండాలి.

అప్పటి నుంచి ఏసమ్మ చోటు కాలువ నోరు. వంగి ఒకటి దించుతుంది, ఒకటి ఎత్తుతుంది, గోకుతుంది, పొట్టు డ్రమ్ములో వేస్తుంది. అది వేసేలోపు రెండోది నిండుతుంది. ఇదివరకు ఆమె ఎంత తొందరగా ఒలిస్తే పని అంత తొందరగా సాగేది, అలిస్తే కాసేపు నిదానించేది. ఇప్పుడు ఆ తొందర మిషనుది. సాయంత్రానికి నడుం నిలవదు. మనుషుల చేతులు అక్కర్లేని మిషను అని పెట్టిన రోజున అందరూ చెప్పుకున్నారు. అది వదిలే మురికికి మాత్రం ఒక జత చేతులు కావలసి వచ్చింది.

పొట్టు కూడా వెనకటి తొక్కలా లేదు. ముద్దలా ఉంటుంది, ఎండదు, ఈగలు ముసురుతాయి. ఎవరూ బాతులకి పెట్టడం లేదు. కొబ్బరితోటలవాళ్ళు కొందరు చెట్ల మొదట్లో గొయ్యి తీసి పాతుకోవడానికి తీసుకెళ్తున్నారు. మిగతాది ప్లాంటు వెనక పేరుకుంటోంది. నీళ్ళు తేరుకోవడానికి ఒక తొట్టి కట్టాలని ఆశాజ్యోతి కాగితం మీద గీసి ఇచ్చింది. సీజన్ అయ్యాక చూద్దామన్నారు రాజుగారు.

సాయంత్రం షిఫ్టు వేరే వాళ్ళది. కాంట్రాక్టు మీద వచ్చిన కొత్తవాళ్ళు, ఇవాళున్న మనిషి రేపు ఉండడు. ఏసమ్మ ఒకరికి చూపించి వస్తే మర్నాడు ఇంకొకరు ఉంటారు. కొన్ని పొద్దులు ఆమె వెళ్ళేసరికి రెండు జల్లెడలూ గోడకి ఆనించి ఉంటాయి, నేల అద్దంలా ఉంటుంది. వాళ్ళని ఏమనగలదు? ఆమె వాటిని తీసి గాడుల్లో దించుతుంది.

తొలకరి పడింది, కాలువలకి నీళ్ళు వదిలారు. పాతకోడు కదిలింది. పేరుకున్న నలుపంతా కింది ఊళ్ళ వైపు తోసేసి, పైకి మామూలు నీళ్ళలాగే పారుతోంది. చిట్టియ్య మందని తోలుకుని ఇంటికి వచ్చాడు. ఎండకి మాడిపోయి ఉన్నాడు. బాతులు ఊరు గుర్తుపట్టి అరుస్తూ నేరుగా పాతకోడు వైపు, ప్లాంటు కాలువ కలిసే చోటుకి మళ్ళాయి. అతను కర్ర అడ్డం పెట్టి ఆపి, దడిలోకి తోలాడు.

మర్నాడు పొద్దున్న ఏసమ్మ పనికి బయలుదేరుతుంటే దడి తలుపు మీద చెయ్యి వేసి అడిగాడు.

"జల్లెడ ఉందా?"

"నా షిఫ్టులో ఉంది."

అతను కాసేపు కోడు వైపు చూశాడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. తలుపు తీసి, ముందు నడిచే బాతు ముక్కు దగ్గర కర్ర పెట్టి, మందని రెండో వైపుకి, పొలం గట్ల మీదుగా పోయే దూరపు దారికి మళ్ళించాడు. బాతులు ఇష్టం లేకుండానే మళ్ళాయి. ఏసమ్మ వాకిట్లో నిలిచిన వాననీళ్ళని కాలితో తోయబోయి, అవి పోయే వైపు చూసి ఆగి, టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డెక్కింది.